కొండను రైలెక్కించిన లెక్క

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు ముప్పై ఏళ్లు గనుల్ల చేసినవు. పిల్లలకు అర్థమయ్యేటట్టు కొంచెంసేపు మాట్లాడాలె. కానీ బొగ్గు గురించి మాత్రం వద్దు. ఇల్లందుల బొగ్గు గురించి నీకంటే మా అమ్మకే ఎక్కువ తెలుసు" అన్నాడు. మాట నిజమే. బాయి సైరన్‌తో నిద్ర లేచి, సైరన్‌తోనే అన్నం తిన్న ఊరు మనది. అందుకని ఈరోజు బొగ్గు జోలికి పోను. రాగి గురించి చెప్తాను. అమెరికాలో ఒక కొండను మొత్తంగా తవ్వి రైలెక్కించిన కథ చెప్తాను. చివరికి మళ్లీ మన బడి దగ్గరికే వస్తాను. నా అసలు పని అక్కడుంది.

ముందు ఒక లెక్క. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా లెక్కల సారు శాతాలు చెప్తూ ఒక ప్రశ్న వేశారు. "ఒక రైతుకు వంద బస్తాల ఊక ఇచ్చి, అందులో రెండు బస్తాల వడ్లు కలిసి ఉన్నాయని చెప్పారు. వాడు తూర్పార పడతాడా, పారబోస్తాడా?" అన్నారు. క్లాసంతా ఒక్క గొంతుతో "పారబోస్తాడు సార్" అన్నాం. సారు నవ్వి, "తొందర పడ్డారు. వాడి చేట ఎంత పెద్దదో, వాడి బండి ఎంత పెద్దదో అడగకుండానే జవాబు చెప్పారు" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు సరిగ్గా అర్థం కాలేదు. గనుల ఇంజనీరింగ్ చదివేటప్పుడు బింగ్‌హామ్ కాన్యన్ పాఠం వచ్చినప్పుడు అర్థమైంది.

అమెరికాలో యూటా అనే రాష్ట్రం ఉంది. దాని రాజధాని సాల్ట్ లేక్ సిటీ. ఆ నగరానికి నైరుతి దిక్కున సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఓకర్ కొండల వరస, ఆ కొండల మధ్య ఇరుకైన లోయ. అదే బింగ్‌హామ్ కాన్యన్. 1863లో అక్కడ ఖనిజం ఉందని బయటపడింది. మొదట జనం వెతికింది వెండి, సీసం, బంగారం. 1873లో ఆ లోయలోకి ఒక నారోగేజ్ రైలు వచ్చింది. రైలు ఆగే చోటుకు పైన ఇంకా కొండ ఉంది కదా, అక్కడి నుంచి ఖనిజాన్ని పట్టాల మీద చిన్న బండ్లలో దించేవాళ్లు. నిండు బండ్లు వాటి బరువుకు అవే కిందికి జారేవి. ఖాళీ బండ్లను కంచరగాడిదలు పైకి లాగేవి.

ఆ లోయలో రాగి కూడా ఉందని అందరికీ తెలుసు. కానీ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఎందుకంటే అది మన సారు చెప్పిన ఊకలాంటిది. కొండంతా బూడిద రంగు రాయి. ఆ రాయిలో కంటికి ఆననంత చిన్న చిన్న రేణువులుగా రాగి ఖనిజం చల్లినట్టు ఉంది. వంద టన్నుల రాయి తవ్వితే అందులో ఉండేది రెండు టన్నుల రాగి. ఆ రోజుల్లో రాగి గని అంటే భూమి లోపలికి సొరంగం తవ్వి, చిక్కటి ఖనిజం ఉన్న సిరను పట్టుకుని వెళ్లడమే. నూటికి రెండు పాళ్ల రాయిని మనుషులు లోపల చిమ్మచీకట్లో తవ్వి పైకి మోస్తే, కూలి ఖర్చు కూడా రాదు.

ఇక్కడికి డేనియల్ జాక్లింగ్ అనే ఇంజనీరు వచ్చాడు. 1869లో మిస్సోరి రాష్ట్రంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని బంధువుల ఇళ్లలో పెరిగాడు. రోలా ఊళ్లోని గనుల కాలేజీలో చదివి 1892లో పట్టా తీసుకున్నాడు. 1899లో అతనూ, రాబర్ట్ గెమ్మెల్ అనే మరో ఇంజనీరూ కలిసి ఈ కొండను పరీక్షించి ఒక నివేదిక రాశారు. అందులో ఉన్న సారాంశం ఇదే. ఈ రాయిని తక్కువ తవ్వితే నష్టం, చాలా ఎక్కువ తవ్వితే లాభం. పైనుంచి, పగటి వెలుతురులో, యంత్రాలతో తవ్వాలి. మిల్లు రోజుకు వేల టన్నులు మింగాలి.

డబ్బున్న వాళ్లు ఈ మాట నమ్మలేదు. నాలుగేళ్లు గడిచాక, 1903 జూన్‌లో యూటా కాపర్ కంపెనీ ఏర్పడింది. అయినా జాక్లింగ్ ఒక్కసారిగా కొండ మీద పడలేదు. 1904లో లోయ కింది భాగంలో రోజుకు 300 టన్నులు ఆడే చిన్న మిల్లు ఒకటి పెట్టి, ఖనిజాన్ని దంచి, నీళ్లతో వేరు చేసి, రాగి ఎంత చేతికొస్తుందో ఎంత చెత్తలో పోతుందో చూశాడు. ఇక్కడున్న యువ ఇంజనీర్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. పెద్ద కల కన్న మనిషి ముందు చిన్న మిల్లు కట్టాడు. ఆ ఫలితాలు చూశాకే గుగ్గెన్‌హైమ్ కుటుంబం లాంటి పెద్ద పెట్టుబడిదారులు ముందుకు వచ్చారు. రోజుకు 6,000 టన్నుల పెద్ద మిల్లును గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డు వైపు మాగ్నా దగ్గర కట్టారు. దాని పక్కనే గార్‌ఫీల్డ్‌లో రాగి కరిగించే స్మెల్టర్ వచ్చింది.

పిల్లలూ, ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. టన్నుకు వెయ్యి కిలోలు. నూటికి రెండు పాళ్లు అంటే టన్ను రాయిలో 20 కిలోల రాగి. ఆనాటి మిల్లులో మూడో వంతు దాకా చెత్తతో పాటే కొట్టుకుపోయిందనుకుందాం. చేతికి వచ్చేది 13 కిలోలు. మిగిలిన 987 కిలోలు పారబోయవలసిందే. ఇది మిల్లుకు చేరిన రాయి సంగతి. దాని కంటే ముందు, కొండ నెత్తి మీద పదుల అడుగుల మందాన ఉన్న పై పొరను తీసెయ్యాలి. యుగాల తరబడి కురిసిన వానలకు ఆ పొరలో ఉన్న రాగి కిందికి కడుక్కుపోయింది. దాన్నే మన ఓపెన్‌కాస్ట్ వాళ్లు ఓబీ అంటారు. అది తీస్తే పైసా రాదు, తియ్యకపోతే పని కాదు.

కాబట్టి రాగి గని అని పేరే కానీ, అక్కడ పనిలో నూటికి తొంభై పాళ్లు రాగితో సంబంధం లేని పని. రాయిని ఎత్తడం, మోయడం, పొయ్యడం. ఎత్తే సంగతి ఆవిరి షావెల్ చూసుకుంది. 1906లో బింగ్‌హామ్ కొండ మీద మొదటి ఆవిరి షావెళ్లు పని మొదలుపెట్టాయి. ఇది కొత్త యంత్రమేమీ కాదు. రైలు మార్గాలకు కట్టలు పోయడానికి, కొండలు కోయడానికి అంతకు ముందే వాడుతున్నారు. మిన్నెసోటా రాష్ట్రంలో మెసాబి ఇనుప గనుల్లో 1890ల నుంచే వాడుతున్నారు. అయితే మెసాబిలో నేల చదును, ఖనిజం మెత్తన. ఇక్కడ నిలువు కొండ, గట్టి రాయి.

షావెల్ కథ అందరూ చెప్తారు. ఫొటోల్లో అదే కనబడుతుంది కాబట్టి. కానీ ఇన్నేళ్లు ఓపెన్‌కాస్ట్‌లో పనిచేసిన వాడిగా నేను చెప్పేది ఒకటే. షావెల్ ఎంత పెద్దదైనా, దాని పక్కన ఖాళీ బండి లేకపోతే అది నిలబడ్డ ఇనుమే. మా గనిలో కూడా షిఫ్టు చివర లెక్క తగ్గిందంటే, నూటికి డెబ్బై సార్లు షావెల్ చెడిపోయి కాదు, డంపర్లు రాక. బింగ్‌హామ్‌లో డంపర్లు లేవు. ఉన్నది రైలు. రోజుకు 6,000 టన్నుల రాయి అంటే, బండికి 50 టన్నులు అనుకుంటే, 120 బండ్లు. ఇది ఖనిజానికి మాత్రమే. ఓబీ మోసే బండ్లు వేరు. ఆదివారమనీ, మంచు అనీ లేకుండా రోజూ నడవాలి. అందుకే ఆ గనిని గని అనడం కంటే, కొండ చుట్టూ చుట్టిన రైల్వే యార్డు అనడం నయం.

ఆ యార్డు ఎలా పనిచేసేదో కాస్త వివరంగా చెప్తాను. కొండను మెట్లు మెట్లుగా కోస్తారు. ఒక్కో మెట్టును బెంచి అంటారు. ప్రతి బెంచి మీదా పట్టాలు. షావెల్ కూడా పట్టాల మీదే నిలబడేది. ముందుకు జరగాలంటే దాని వెనక ఉన్న చిన్న పట్టా ముక్కను ఎత్తి ముందు వేసి, దాని మీదికి నడవాలి. షావెల్ పక్కన ఇంకో పట్టా. దాని మీద చిన్న ఆవిరి ఇంజను బండ్ల వరసను ఒక్కొక్కటిగా షావెల్ ముందుకు తెచ్చి పెట్టేది. నిండగానే ఖనిజం ఒక దారి, ఓబీ ఇంకో దారి. ఓబీని పక్క వాగుల్లోకి పోసేవాళ్లు. ఖనిజం లోయ అడుగున ఉన్న యార్డుకు దిగాలి.

షావెల్ ఒక బారు తవ్వి ముగించేసరికి కొండ ముఖం వెనక్కి జరిగిపోతుంది. బండి అందదు. అప్పుడు మొత్తం పట్టాను పక్కకు జరపాలి. గడ్డపారలు పట్టుకున్న ముఠా ఒక వరసలో నిలబడి, మేస్త్రీ అరుపుకు అందరూ ఒక్కసారి ఒత్తితే, పట్టా కొంచెం జరిగేది. మళ్లీ అరుపు, మళ్లీ ఒత్తుడు. మన గ్యాంగ్‌మన్ల పాట విన్నవాళ్లకు ఈ దృశ్యం నేను వర్ణించనక్కరలేదు. షావెల్ దగ్గర ఉన్నది కొద్దిమందే. పట్టాలు వేసి, తీసి, జరిపిన వాళ్లు వందలమంది.

రెండో కష్టం ఎక్కుడు. ఉక్కు చక్రం, ఉక్కు పట్టా. రెండూ నున్నన. అందుకే రైలు తక్కువ బలంతో ఎక్కువ బరువు లాగగలదు. అదే కారణంతో వాలు ఎక్కువైతే చక్రం తిరుగుతుంది కానీ బండి కదలదు. మామూలు రైలు మార్గంలో వంద అడుగుల దూరానికి రెండు మూడడుగులు ఎక్కడమే ఎక్కువ. కాన్యన్‌లో అంత మెల్లగా ఎక్కే చోటు లేదు. దీనికి కాపర్ బెల్ట్ అనే చిన్న రైల్వే వాళ్లు షే ఇంజన్లు తెచ్చారు. మిషిగన్‌లో కలప కొట్టించే ఎఫ్రయిమ్ షే అనే ఆయన దుంగలు మోయడానికి తయారుచేసిన ఇంజను అది. మామూలు ఇంజనులో ఆవిరి కొన్ని పెద్ద చక్రాలనే తిప్పుతుంది, మిగిలినవి ఊరికే దొర్లుతాయి. షే ఇంజనులో ఒక పక్కగా నిలువు సిలిండర్లు ఉంటాయి. అవి ఒక పొడుగు ఇరుసును తిప్పితే, పళ్ల చక్రాల ద్వారా కింద ఉన్న ప్రతి చక్రమూ తిరుగుతుంది. మనిషి నడిచినంత వేగమే పోతుంది కానీ జారదు, వంకర దారుల్లో తడబడదు. చోటు లేని చోట పట్టాను జిగ్‌జాగ్‌గా వేశారు. రైలు ముందుకు ఎక్కి, ఆగి, కాటా మార్చుకుని, వెనక్కి ఇంకో మెట్టు ఎక్కుతుంది.

మూడో కష్టం దిగుడు. నిండు బండి పైనుంచి కిందికి రావడం మంచిదే, బొగ్గు ఖర్చు ఉండదు అనిపిస్తుంది. కానీ వేల టన్నుల బరువును వాలులో ఆపుతూ దించడం, లాగడం కంటే భయం. ఎయిర్ బ్రేకు పట్టు తప్పితే కింద ఊరు ఉంది.

ఈ లోపల తవ్వకం పెరిగింది. 1910లో యూటా కాపర్ తన పక్కనే కొండ పై భాగాన్ని తవ్వుతున్న బోస్టన్ కన్సాలిడేటెడ్ కంపెనీని కలుపుకుంది. అప్పటి వరకు ఖనిజాన్ని మిల్లుకు మోసింది డెన్వర్ అండ్ రియో గ్రాండ్ రైల్వే. దాని ఒక్క లైను ఇంత సరుకుకు చాలలేదు. రాగి కంపెనీ తానే ఒక రైల్వే కట్టుకుంది. అదే బింగ్‌హామ్ అండ్ గార్‌ఫీల్డ్ రైల్వే, 1911లో మొదలైంది. పొడవు సుమారు 30 కిలోమీటర్లు. ఆ దారిలో సొరంగాలు, వాగుల మీద ఎత్తైన ఉక్కు వంతెనలు. దాని మీద నడిచినవి మాలె ఇంజన్లు. అంటే ఒకే బాయిలర్ కింద రెండు జతల చక్రాల సెట్లు, ముందు సెట్టు వంపులో తనంతట తాను తిరిగే ఏర్పాటు. రాగి తీసే కంపెనీ రైల్వే ఎందుకు కట్టింది అంటే, మన సారు చెప్పిన జవాబే. చేట పెద్దదైతే చాలదు, బండి కూడా పెద్దది కావాలి.

మన ఊరి వాళ్లకు ఇది ఆశ్చర్యం కాదు. డోర్నకల్ నుంచి ఇల్లందుకు వచ్చిన పట్టా మనల్ని చుట్టాల ఇళ్లకు తీసుకుపోవడానికి వేసింది కాదు. బొగ్గు కోసం వేసింది. ఆ బొగ్గు వెంట మనం వచ్చాం.

ఇక మనుషుల సంగతి. బింగ్‌హామ్ కొండ మీద పట్టాలు జరిపిన వాళ్లలో గ్రీకులు, ముఖ్యంగా క్రీట్ దీవి వాళ్లు, జపాన్ వాళ్లు, ఇటలీ వాళ్లు, స్లావ్ జాతుల వాళ్లు ఉన్నారు. భాష రాదు. పని కావాలి. గ్రీకులకు పని ఇప్పించే మేస్త్రీ ఒకడుండేవాడు, లియోనిడాస్ స్క్లిరిస్. పనిలో చేరాలంటే అతనికి డబ్బు కట్టాలి. సరుకులు అతను చెప్పిన దుకాణంలోనే కొనాలి. వలస కూలీల మధ్య పెరిగిన మనకు ఇలాంటి మేస్త్రీ తెలియనివాడు కాదు. 1912 సెప్టెంబరులో దాదాపు 5,000 మంది పని ఆపేశారు. కూలి పెంచాలని, యూనియన్‌ను గుర్తించాలని అడిగారు. గ్రీకు కూలీలు అన్నిటికంటే గట్టిగా అడిగింది స్క్లిరిస్‌ను తీసెయ్యాలని. సమ్మె నడుస్తుండగానే అతను పదవి వదిలి వెళ్లిపోయాడు. యూనియన్‌ను మాత్రం కంపెనీ గుర్తించలేదు. బయటి కూలీలను తెచ్చి షావెళ్లు నడిపింది. గెలిచారా, ఓడారా అంటే రెండూ.

తర్వాతి కథ త్వరగా చెప్తాను. 1923లో కరెంటు షావెళ్లు వచ్చాయి. కొత్త షావెళ్లు పట్టాలు అక్కరలేకుండా గొలుసు చక్రాల మీద నడిచాయి. 1920ల చివరికి గనిలో రైళ్లు కూడా కరెంటుకు మారాయి. కొండ అయిపోయి గొయ్యి మొదలయ్యాక నిండు బండ్లు పైకి ఎక్కవలసి వచ్చింది. అందుకని 1940ల నుంచి గొయ్యి పక్క గోడలోంచి సొరంగాలు తవ్వి రైళ్లను బయటికి పంపారు. 1960లలో డంపర్లు వచ్చాయి, ఆ తర్వాత కన్వేయర్ బెల్టు. జాక్లింగ్ 1956లో చనిపోయాడు. ఇవాళ ఆ గొయ్యి లోతు 1.2 కిలోమీటర్లు, అడ్డం 4 కిలోమీటర్లు. ఇప్పుడు తవ్వే రాయిలో రాగి నూటికి రెండు కాదు, ఒకటి కూడా కాదు. ప్రపంచంలో ఇప్పుడు తవ్వే రాగిలో ఎక్కువ భాగం ఇలాంటి ఓపెన్‌కాస్ట్ గనుల నుంచే వస్తుంది. మీ ఇంటి ఫ్యాను చుట్టలో తీగ ఉందంటే, ఆ లెక్క ఎక్కడో ఒకచోట కుదిరినందుకే.

కొన్నేళ్ల కిందట మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేనా గొయ్యి గట్టు మీద నిలబడి చూశాను. ఇంజనీరుగా నాకు గర్వం కలిగింది. 2013 ఏప్రిల్ 10 రాత్రి ఆ గొయ్యి గోడ విరిగి 14 కోట్ల టన్నులకు పైగా రాయి కిందికి జారింది. ఒక్క ప్రాణం పోలేదు. గోడ కదలికను రాడార్లతో కొలుస్తూ ఉండి, ముందే అందరినీ బయటికి పంపారు. నా వృత్తిలో అంతకంటే గొప్ప రోజు ఉండదు.

కానీ గట్టు మీద ఇంకో సంగతి తెలిసింది. నేను చూస్తున్న ఆ ఖాళీలో ఒకప్పుడు ఊరు ఉండేది. పాఠంలో మేం చదివిన బింగ్‌హామ్ కాన్యన్ గని పేరు. అదే పేరుతో ఊరు ఉండేది. లోయ ఇరుకు కాబట్టి ఒక్కటే వీధి, ఇరుపక్కలా కొండకు ఆనుకున్న ఇళ్లు. పైన కాపర్‌ఫీల్డ్ అని ఇంకో ఊరు. గొయ్యి వెడల్పవుతున్న కొద్దీ ఇళ్లు కొనేశారు, ఖాళీ చేయించారు. 1972 నాటికి ఊరు లేదు. మ్యాపులో పేరు కూడా లేదు. మిగిలింది ఒకటే, బడి. బింగ్‌హామ్ హైస్కూలు 1931లోనే లోయ బయటున్న కాపర్‌టన్‌కు మారింది, తర్వాత 1975లో సౌత్ జోర్డాన్ అనే ఊరికి మారింది. ఇవాళ్టికీ ఆ బడి అదే పేరుతో నడుస్తోంది. ఆ పిల్లల ఆటల జట్టు పేరు మైనర్స్, అంటే గని కార్మికులు. ఊరు పోయినా బడి పేరులో ఊరు బతికింది.

అది విన్నప్పుడు నాకు నా పాత పని ఒకటి గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో ఏ వేదిక మీదా చెప్పలేదు. మా సార్ల ముందు చెప్పుకోవాలనిపించి చెప్తున్నాను.

నాకు అప్పుడు ఇరవై ఏడేళ్లు. వేరే రాష్ట్రంలో ఒక ఓపెన్‌కాస్ట్ గని ప్లానింగ్ విభాగంలో పని. గని హద్దు గీత గీసే బాధ్యత నాది. టన్ను ఖనిజానికి ఎంత ఓబీ తియ్యాలి, గోడ వాలు ఎంత ఉండాలి, ఎక్కడ ఆగితే లాభం, ఇవన్నీ లెక్కవేసి గీశాను. గీత లోపల ఒక పల్లె పడింది. మా ప్లానులో దానికి ఒకే వరస ఉంది, తొలగించవలసిన కట్టడాలు, ఇన్ని. సర్వేకు వెళ్లినప్పుడు ఆ ఊరి బడి మాస్టారు నాకు మంచినీళ్లు ఇచ్చి, "సార్, మీ గీత బడికి ఇవతల పడుతుందా, అవతల పడుతుందా?" అని అడిగారు. గీసింది నేనే. జవాబు తెలుసు. అయినా "పైవాళ్లు చెప్తారండీ" అని తప్పించుకున్నాను.

ఊరికి పరిహారం ఇచ్చారు. కొత్త కాలనీలో పాత దానికంటే మంచి బడి కట్టారు. కాగితం మీద లోటు లేదు. పదకొండేళ్ల తర్వాత ఆ ఊరి మనిషి ఒకతను మా ఆఫీసుకు వచ్చాడు. పెన్షన్ కోసం పుట్టిన తేదీ రుజువు కావాలి. అతను చదివింది మూడో తరగతి వరకు, పాత బళ్లో. ఆ బడి అడ్మిషన్ రిజిస్టరు సామాన్లు మార్చేటప్పుడు ఎక్కడో పోయింది. ట్రాక్టర్ ఎక్కించామని ఒకరు, దిగలేదని ఒకరు. మా ఆఫీసు బీరువాలో ఆ ఊరి ప్రతి ఇంటి కొలత ఉంది, ప్రతి చెట్టు లెక్క ఉంది. ఆ మనిషి ఎప్పుడు పుట్టాడో రాసిన ఒక్క కాగితం లేదు. నేను అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించగలిగాను. అంతకు మించి ఏమీ చెయ్యలేకపోయాను.

గని తవ్వొద్దని నేను చెప్పడం లేదు. ఆ అన్నం తినే నా పిల్లల్ని చదివించాను. రాగి కావాలి, బొగ్గూ కావలసి వచ్చింది. కానీ మా సారు ఎనిమిదో తరగతిలో చెప్పిన లెక్కకు నేను ఒక ప్రశ్న కలుపుతాను. చేట ఎంత, బండి ఎంత అని అడిగాం. ఊక ఎవరి వాకిట్లో పోస్తారో కూడా అడగాలి. జాక్లింగ్ లెక్క తప్పు కాదు. నా లెక్కా తప్పు కాదు. కానీ రెండింటిలోనూ కొన్ని వరసలు రాయలేదు.

ఇప్పుడు మన బడి దగ్గరికి వస్తాను. నిన్న హెడ్మాస్టర్ గారి అనుమతితో ఆఫీసు గదిలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు చూశాను. మొదటి దానికి అట్ట ఊడిపోయింది. రెండో దానికి ఒక మూల చెద తగిలింది. సిరా వెలిసిపోతోంది. అందులో నా పేరుంది, మా అన్న పేరుంది. తండ్రి వృత్తి అన్న చోట కోల్ ఫిల్లర్, ట్రామర్, హమాలీ అని ఉంది. ఇంటి చిరునామా అన్న చోట రాసిన కూలీ లైన్లలో చాలా వరకు ఇవాళ లేవు. ఆ పుస్తకాలు తప్ప, ఆ లైన్లలో మనుషులు ఉన్నారని చెప్పే కాగితం ఇంకోటి నాకు కనబడలేదు.

స్వర్ణోత్సవానికి గుర్తుగా ఆర్చి కడదామని కొందరు, సరస్వతీదేవి విగ్రహం పెడదామని కొందరు అన్నారు. రెండూ మంచివే, చేద్దాం. దానికంటే ముందు ఒక పని చేద్దామని నా మనవి. మొదటి రిజిస్టరు నుంచి ఈ ఏడాది రిజిస్టరు వరకు ప్రతి పేజీ స్కాన్ చేయిద్దాం. ఒక ప్రతి బడిలో, ఒకటి సంఘం దగ్గర, ఒకటి ఊరికి దూరంగా ఇంకెక్కడైనా ఉంచుదాం. యంత్రం ఖర్చు నేను పెట్టుకుంటాను. కానీ యంత్రానికి ఆ చేతిరాత చదవడం రాదు. ఆ ఇంటిపేర్లు, ఆ లైన్ల పేర్లు గుర్తుపట్టాలంటే ఊళ్లో పుట్టి పెరిగిన వాళ్లు పక్కన కూర్చోవాలి. ముఖ్యంగా రిటైరైన మా సార్లూ, టీచర్లూ. మీరు పాఠం చెప్పిన పిల్లల్లో ఎవరు ఎవరి కొడుకో, ఏ పిల్ల ఏ లైను నుంచి నడిచి వచ్చేదో మీకంటే ఎవరికి తెలుసు? వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు పదో తరగతి బి సెక్షను గదిలో నేను కూర్చుంటాను. ఎంతమంది వస్తే అంతమందితో మొదలుపెడదాం.

మా లెక్కల సారు ఇవాళ మన మధ్య లేరు. ఉంటే ఈ లెక్కకు ఎన్ని మార్కులు వేసేవారో తెలియదు. అప్పుడు తొందరపడి జవాబు చెప్పిన వాళ్లలో నేనూ ఒకణ్ని. ఈసారి కొంచెం ఆలోచించే చెప్పాను సార్.